కన్యాకుమారి నాలుక

శృంగవరపుకోట బజారులో చింతపండు కన్యాకుమారి మాటకు ఎదురు లేదు. అనంతగిరి కొండల మీది నుంచి దిగిన సరుకు ఎవరి కొట్టుకు చేరినా సరే, ఒక ముక్క ముందుగా ఆవిడ దగ్గరికి రావలసిందే. ఆవిడ దాన్ని వేళ్ళ మధ్య నలిపి, వెలుతురుకు పట్టి, నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకునేది. "ఏడాది నిలవుంటాది" అంటే ఉండేది. "వద్దు, ఎనక్కి పంపించీండి" అంటే లారీ వెనక్కి తిరిగేది. ముప్పై ఏళ్ళు అలాగే సాగింది. చింత చచ్చినా పులుపు చావదని బజారులో ఆవిడను చూపించే అనేవారు.

ఆ చావదన్న పులుపు చచ్చి మూడేళ్ళయిందన్న సంగతి ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు.

మూడేళ్ళ కిందట వారం రోజులు జ్వరం కాసింది. పోతూ పోతూ ఆ జ్వరం వాసననూ రుచినీ మూట గట్టుకుపోయింది. కొన్నాళ్ళకు ఉప్పూ కారమూ తిరిగొచ్చాయి గానీ తీపీ పులుపూ రాలేదు. వాసన జాడే లేదు. చింతపండు నోట్లో వేసుకుంటే తడి గుడ్డ నమిలినట్టు ఉండేది. ఇంకొకరైతే లబోదిబోమని ఆస్పత్రికి పరిగెత్తేవారు. కన్యాకుమారి పరిగెత్తలేదు. వేళ్ళున్నాయి, కళ్ళున్నాయి, ముప్పై ఏళ్ళ అనుభవం ఉంది, ఇంకేం కావాలి? ఎప్పటిలాగే ముక్కను నలిపి, ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని తీర్పు చెప్పేసేది. వందలో తొంభై సార్లు సరిపోయేది కూడాను. గట్టిగా మాట్లాడే మనిషికి లోకంలో ఉన్న సౌకర్యం అదే. తొంభై సార్లు నెగ్గితే మిగిలిన పదింటి సంగతి ఎవరూ అడగరు.

ఆ పదింటిలో ఒకటి కోడలి నెత్తిన పడింది.

కోడలు సింధూరి చీపురుపల్లి కిరాణా వర్తకుడి కూతురు. పెళ్ళయి వచ్చిన నెలకే, ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాదని కొట్టుకు వచ్చేసిన పిల్ల. కిందటి ఏడాది విజయనగరంలో పచ్చళ్ళ వ్యాపారం చేసే ధనరాజుకు పంపాల్సిన సరుకు చూసి, "అత్తమ్మా, ఇది వానకి తడిసిన సరుకు. లోపల బూజు వాసనొస్తన్నాది" అంది. కొట్టు నిండా కూలీలూ బేరగాళ్ళూ ఉన్నారు. కన్యాకుమారి ముక్క నలిపింది, కళ్ళు మూసింది, తెరిచింది. "నీ ముక్కుకేటి తెలుసునే? బంగారం లాంటి సరుకిది" అని లారీ ఎక్కించేసింది. రెండు నెలల తర్వాత ధనరాజు, జాడీల కొద్దీ పచ్చడి పారబోసుకుని, అగ్గి మీద గుగ్గిలంలా కొట్టు మీదికి వచ్చాడు. అప్పుడు మన పెద్దమనిషి నోటి నుంచి ఊడిపడ్డ మాట ఇది: "కొత్త పిల్ల తమ్ముడూ, నా కోడలు సూసి పంపించింది. ఇకమీదట దాని సేతికి సరుకివ్వను."

సింధూరి కిక్కురుమనలేదు. ఆ రోజు నుంచి ఆ పిల్లకు ఫోన్లు ఎత్తడం, బస్తాలకు చీటీలు కట్టడమే పని. కన్యాకుమారికి ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా గుండెలో ముల్లు కదిలేది. అయినా ఒప్పుకుంటే ఏముంది? నాలుక పోయిందని తెలిసిన మర్నాడు చింతపండు కన్యాకుమారి ఉత్త కన్యాకుమారి అయిపోతుంది. అంతకంటే ఆ ముల్లే నయమనుకుంది.

అలాంటి అత్తాకోడళ్ళు కలిసి థాయిలాండ్ వెళ్ళారు. ధనరాజుతో సహా విజయనగరం వర్తకులు ఇరవై మంది, మన తిండి మనకుండాలని వంటవాడిని కూడా వెంటబెట్టుకుని, జనవరి ఆఖర్లో బ్యాంకాక్ యాత్ర కట్టారు. కన్యాకుమారి భర్త కాశీవిశ్వనాథానికి విమానమంటే హడలు. కొడుకు ఈశ్వర్ కొట్టు వదిలి రాలేడు. తీసిన టిక్కెట్లు పాడవకూడదని ఆడవాళ్ళిద్దరూ ఎక్కారు. మూడో రోజున గుంపంతా సముద్రం ఒడ్డుకు బయలుదేరుతుంటే కన్యాకుమారి ససేమిరా అంది.

"సముద్రం మన భీమిలిలో లేదేటి? దాన్ని సూడ్డానికి ఇంత దూరం రావాలా? నేను సింతపండు ఊరికి పోతాను."

ఆ దేశంలో బెల్లంలా తియ్యగా ఉండే చింతపండు పండే జిల్లా ఒకటుందని ఆవిడ ఫోనులో వీడియో చూసి ఉంది. పైకి వ్యాపారమంది. లోపల వేరే ఆశ ఉంది. తెలిసిన పులుపుకు లేవని నాలుక, ఎరగని తీపికి లేస్తుందేమో! ఈ ఆశను మాత్రం ఆవిడ తన నీడకు కూడా చెప్పలేదు. సింధూరి ఫోను తెలుగులో చెప్పింది థాయిలో పలుకుతుంది గనక ఆ పిల్లను వెంటబెట్టుకుంది. వ్యానులో వెళుతూనే రెండు మాటలు నేర్చుకుంది. వాన్ అంటే తీపి, ప్రియావ్ అంటే పులుపు. వర్తకం చెయ్యడానికి ఈ రెండూ చాలనుకుంది.

నాలుగైదు గంటలు ఉత్తరానికి వెళితే సీ థెప్ వచ్చింది. వెయ్యేళ్ళు దాటిన కోట గోడలు, గుళ్ళు, స్తూపాలు శిథిలమై ఉన్న చోటు అది. అయినా ఊళ్ళో ఎక్కడా యాత్రికుల హడావిడి లేదు. చెయ్యి పట్టుకు లాగే దుకాణదారు లేడు, బొమ్మలు కొనమనేవాడు లేడు. ఒక బజారు, ఒక బడి, కూరగాయల బండ్లు, ఎండలో కాళ్ళు చాపుకుని పడుకున్న కుక్కలు. కన్యాకుమారికి ఊరు చూడగానే నచ్చేసింది.

"అచ్చం మన లక్కవరపుకోటలాగున్నాదే! ఎవడి పని ఆడు సూసుకుంతన్నాడు" అంది.

బస దొరికింది పా నోయ్ ఇంట్లో. పా అంటే పెద్దమ్మ. ఊరందరికీ ఆవిడ నోయ్ పెద్దమ్మే. అరవై దాటిన మనిషి, గట్టి చేతులు, ఇంటి వెనక చింతతోట. వసారాలో నలుగురు ఆడవాళ్ళు చింతకాయలు ఏరుతున్నారు. కన్యాకుమారి మంచినీళ్ళు కూడా తాగకుండా, పిలవకుండానే వాళ్ళ మధ్య చతికిలబడి ఏరడం మొదలుపెట్టింది. చెవి దగ్గర ఆడించి, గలగలమన్నది ఒక బుట్టలో, మూగగా ఉన్నది ఇంకో బుట్టలో వేసింది. పుచ్చుపట్టింది ఏదో గుల్ల పగలగొట్టకుండానే కనిపెట్టి అవతల పారేసింది. ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. భాష రాకపోయినా పని వచ్చినవాళ్ళు పని వచ్చినవాళ్ళను గుర్తుపడతారు. కన్యాకుమారి ఛాతీ రెండంగుళాలు ఉబ్బింది.

"మా బజారుకంతటికీ మా అత్తమ్మ నాలుకే కొలత" అని సింధూరి ఫోనుకు చెప్పింది. ఫోను అదే థాయిలో చెప్పింది. నోయ్ పెద్దమ్మ ముచ్చటపడి, లోపలికి వెళ్ళి, గుల్లా పిక్కా తీసిన రెండు రకాల ముక్కలు పళ్ళెంలో పెట్టి తెచ్చింది. తోటలో కూరల్లోకి వాడే పుల్లటి చెట్లూ ఉన్నాయి, తియ్యటి చెట్లూ ఉన్నాయి. ఏ ముక్క ఏ చెట్టుదో చెప్పమంది. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు.

కన్యాకుమారి మొదటిది తీసింది. లేత రంగు, వేలికి అంటుకోవడం లేదు. సగం కోడలికి ఇచ్చి, సగం నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఈసారి నిజంగానే మూసుకుంది. రావే తల్లీ, ఒక్కసారి రావే అని నాలుకను బతిమాలుకుంది. తడి గుడ్డ! రెండోది ముదురు రంగు, జిగట. దాన్నీ అలాగే సగం కోడలికిచ్చి నోట్లో వేసుకుంది. మళ్ళీ తడి గుడ్డే. అందరూ ఆవిడ నోటి వంకే చూస్తున్నారు. మింగలేదు, కక్కలేదు. అప్పుడు ముప్పై ఏళ్ళ అలవాటు ఆదుకుంది. తమ బజారులో ముదురు రంగూ జిగటా కలిసి ఉన్న చింతపండు పన్ను ఊడగొట్టేంత పులుపుంటుంది. పాలిపోయి పొడిగా ఉన్నదానికి పులుపు తక్కువ.

"ఇది వాన్" అంది మొదటి దాన్ని చూపించి. రెండో దానికి కళ్ళు చికిలించి, మూతి తిప్పి, దవడ పట్టుకుంది. "ప్రియావ్! అబ్బబ్బ, పళ్ళు జిల్లుమనీసినాయి!"



సింధూరి నోట్లో మొదటి ముక్క పులుపుకు కళ్ళంట నీళ్ళొచ్చి ఉన్నాయి. రెండోది బెల్లంపాకంలా కరుగుతోంది. ఆ పిల్ల అత్తగారి మొహం వంక చూసింది, దవడ మీది చేతి వంక చూసింది. నోయ్ పెద్దమ్మ ఏమీ అర్థంకాక సింధూరి వైపు తిరిగింది. సింధూరి ఫోను నోటి దగ్గర పెట్టుకుని, నెమ్మదిగా, ఒక్కో మాటే చెప్పింది.

"మా అత్తమ్మకి యేళాకోళం ఎక్కువ. మిమ్మల్ని నవ్వించడానికని కావాలనే తిప్పి చెప్పింది."

ఫోను పలకగానే ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు. నోయ్ పెద్దమ్మ కన్యాకుమారి భుజం చరిచి మరీ నవ్వింది. కన్యాకుమారి కూడా నవ్వింది, తేలు కుట్టిన దొంగలా. ఫోను చెప్పిన థాయి ఆవిడకు అర్థం కాలేదు గానీ, కోడలు చెప్పిన తెలుగు ప్రతి అక్షరమూ చెవిన పడింది. ఆ సాయంత్రం ఇద్దరూ అన్నం తిన్నారు, పడుకున్నారు. ఆ ఊసు ఎవరూ ఎత్తలేదు.

పొద్దున్నే శిథిలాలు చూడ్డానికి వెళ్ళారు. పాత ఊరి మధ్యలో ఒక పెద్ద కట్టడం తాలూకు అడుగుభాగం మాత్రం మిగిలి ఉంది. పైనున్న గుడి ఎప్పుడో కూలిపోయింది. ఎర్రటి రాతి గోడ అడుగున మరుగుజ్జు బొమ్మల వరస ఉంది. ఒకడిది మనిషి మొహం, ఒకడిది ఏనుగు మొహం, ఇంకొకడిది సింహం మొహం. అందరూ మోకాళ్ళు వంచి, చేతులెత్తి, పైనున్న బరువును మోస్తున్నారు. గడ్డి కోసే మనిషి తప్ప చుట్టుపక్కల ఇంకెవరూ లేరు. కోడలి మౌనం భరించలేక కన్యాకుమారి పొద్దుటి నుంచీ ఏదో ఒకటి వాగుతూనే ఉంది.

"ఈళ్ళని సూడవే! పైన గుడి పోయి ఎన్ని వందలేళ్ళయిందో! ఈళ్ళు ఇంకా మోస్తానే ఉన్నారు, ఎర్రిబాగులోళ్ళు. దించీమని సెప్పినోళ్ళు లేరు కామోసు" అని పకపకా నవ్వింది.

సింధూరి నవ్వలేదు.

"ఎన్నాళ్ళయింది అత్తమ్మా?"

"ఏటి ఎన్నాళ్ళు?"

"రుచి పోయి."

కన్యాకుమారి పైట సర్దుకుంది. మాట దాటెయ్యడానికి నోరు తెరిచింది. కోడలి కళ్ళు చూసి మానుకుంది. "మూడేళ్ళు" అంది.

"అయితే ధనరాజు బాబాయికి పంపిన సరుకు..." సింధూరి ఆగింది. "నన్ను తిట్టినందుకు నేను బాధపడలేదు అత్తమ్మా. మీ నాలుక తప్పు చెప్పదని నేనూ నమ్మీసినాను. వాసన నాకే లేనిపోనిది తగిలిందనుకున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా విజయనగరం ఎల్లి ముక్కు డాక్టరుకి చూపించుకున్నాను. అంతా బాగుందమ్మా అన్నాడాయన. అయినా నమ్మలేదు. ఈ ఏడాదంతా అన్నం ముందు కూర్చుని, ఇది సాంబారు వాసనేనా, కాదా అని నన్ను నేనే పరీక్ష పెట్టుకున్నాను."

అలా అని ఆ పిల్ల గోడ అవతలి పక్కకు వెళ్ళిపోయింది.

కన్యాకుమారి మరుగుజ్జుల ఎదురుగా గడ్డిలో కూలబడింది. కోడలికి కోపం వస్తుందని తెలుసు, ఏడుస్తుందనీ తెలుసు. ఈ డాక్టరు సంగతి మాత్రం కలలో కూడా అనుకోలేదు. తన ముక్కు పోయిందని తాను దాచుకుంటే, నిక్షేపంలా ఉన్న ముక్కును ఆ పిల్ల అనుమానించుకుని ఏడాది తిరిగింది. పోయింది తనకు, వైద్యం దానికి! జ్వరం వచ్చినప్పుడు కూడా రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. ఎవరూ లేరు గనక ఆపుకోకుండా ఏడ్చింది. ముక్కు చీది, కొంగుతో మొహం తుడుచుకుని, ఇక పోయేదేముందని తనను తాను అడిగింది. పేరు పోతుంది. బజారులో ఎదురొచ్చి ముక్క ఇచ్చేవాడు ఉండడు. కళ్ళు మూసుకుంటే పదిమంది ఊపిరి బిగబట్టి చూసే ఆ క్షణం పోతుంది. ఆ క్షణమంటే ఆవిడకు ప్రాణం. అయినా సరేననుకుంది. సరుకు వెనక్కి పంపేటప్పుడు ఎలా రెండో ఆలోచన చెయ్యదో ఇప్పుడూ అలాగే చెయ్యలేదు.

లేచి గోడ అవతలికి వెళ్ళింది. "పద, బ్యాంకాక్ పోదాం."

"రేపు కదా వ్యాను?"

"ఈయాలే ఇంకోటి మాట్లాడు. పదిమందిలో అన్న మాట పదిమందిలోనే ఎనక్కి తీసుకోవాల. ఈడ సెప్తే ఈ గడ్డి కోసేవోడికి తప్ప ఇంకెవరికి వినపడతాది?"

"ఇప్పుడేమీ అక్కర్లేదు అత్తమ్మా" అంది సింధూరి మొహం తిప్పుకుని. అత్తగారు ఆ పని చేస్తుందని ఆ పిల్ల కలలో కూడా నమ్మలేదు. నమ్మకపోవడంలో తప్పూ లేదు.

నోయ్ పెద్దమ్మ బుట్టెడు తియ్యటి చింతకాయలు కట్టి ఇచ్చింది. మర్నాడు పొద్దున్న బ్యాంకాక్ హోటల్లో వర్తకులందరూ ఉప్మా పళ్ళేలు పట్టుకుని కూర్చుని ఉండగా, బుట్టను ధనరాజే ముందు చూశాడు. కాయ ఒకటి ఒలిచి, పళ్ళెంలో పెట్టి, అందరికీ వినపడేలా కేకేశాడు.

"అక్కా, ముందు నువ్వు నోట్లో ఏసుకుని సెప్పు. నువ్వు సెప్పకుండా మేం ముట్టుకోం."

బల్లలన్నీ ఇటు తిరిగాయి. కన్యాకుమారి ముక్కను వేళ్ళ మధ్యకు తీసుకుంది. అది తియ్యటిదని ఆవిడకు ఇప్పుడు తెలుసు. కళ్ళు మూసుకుని, రెండు క్షణాలు ఆగి, బెల్లం ముక్కరా తమ్ముడూ అంటే చాలు, అంతా చప్పట్లు కొడతారు. సింధూరి తల వంచుకుని ఉప్మా కెలుకుతోంది. అత్తగారు ఏం చెప్పినా ఆ పిల్ల బయటపెట్టదు. ఇప్పటికి రెండుసార్లు మోసింది, మూడోసారీ మోస్తుంది.

కన్యాకుమారి ముక్కను నోటి దాకా తీసుకెళ్ళలేదు. పళ్ళెంలో తిరిగి పెట్టి, పళ్ళెం కోడలి ముందుకు తోసింది.

"దాన్నడుగు తమ్ముడూ. నా నాలుక పోనాది. మూడేళ్ళయింది జొరమొచ్చి. పులుపు తెల్దు, తీపి తెల్దు, బూజు వాసన ముక్కు కింద పెట్టినా తెల్దు. ఇన్నాళ్ళూ వేళ్ళతో సూసి నోటితో అబద్ధం సెప్పినాను."



"అయితే నా జాడీలు..." అన్నాడు ధనరాజు.

"ఆ సరుకు ఇది వద్దంది. వానకి తడిసింది, వాసనొస్తన్నాదని మొత్తుకుంది. నేనే దాని నోరు మూయించి లారీ ఎక్కించినాను. నువ్వొచ్చి కేకలేస్తే దాని మీదికి తోసీసినాను. తప్పు నాది. ఇది బాగుందన్న సరుకైతే నీ పచ్చడి పదేళ్ళుండేది." గొంతు ఎక్కడా తగ్గించలేదు. ఎవరినీ బతిమాలనూ లేదు. "ఈ సీజను నుంచి మా కొట్లో దీని నాలుకే కొలత. ఇష్టమున్నోళ్ళు రండి, లేనోళ్ళు మానీండి."

ధనరాజు మొహం ఎర్రబడింది. ఏదో గట్టిగా అనడానికే లేచాడు. సింధూరి మొహం చూశాక ఆ మాట లోపలే ఆగింది. ఆ పిల్ల కళ్ళ నుంచి నీళ్ళు ధారగా ఉప్మాలో పడుతున్నాయి. ఆయన పళ్ళెం ఎత్తి ఆ పిల్ల చేతికిచ్చాడు.

"సెప్పమ్మా" అన్నాడు.

సింధూరి కళ్ళు తుడుచుకుని ముక్క నోట్లో వేసుకుంది. అత్తగారిలా కళ్ళు మూసుకోలేదు. తెరిచే ఉంచి, తీరిగ్గా నమిలింది.

"బాగున్నాది బాబాయ్, తినడానికి. పచ్చడికి పనికిరాదు. నేను వద్దన్నది ఈసారి లారీ ఎక్కదు, అత్తమ్మ సెప్పినా సరే."

బల్లల దగ్గర నవ్వులు లేచాయి. చేతులు బుట్టలోకి వెళ్ళాయి. ఎవరి గోలలో వాళ్ళు పడ్డారు. కన్యాకుమారి మటుకు కుర్చీ కోడలి దగ్గరికి జరుపుకుంది. మూడేళ్ళలో ఎవరినీ అడగలేని మాట, ఎంత ఆకలి మీద ఉన్నా అడగలేని మాట, ఇప్పుడు చిన్నపిల్లలా అడిగింది.

"ఒసే, ఎలాగున్నాదే? సరిగ్గా సెప్పు."

సింధూరి ఇంకో ముక్క నోట్లో వేసుకుని, తొందరపడకుండా, నాలుక మీద తిప్పి తిప్పి చెప్పింది. "ముందు కొత్త బెల్లం తగుల్తాది అత్తమ్మా. తర్వాత ఎండు ఖర్జూరం లాగుంటాది. మింగినాక, అడుగున, ఎక్కడో సన్నగా పులుపు."

"ఉన్నాదా పులుపు?"

"ఉన్నాది."

కన్యాకుమారి కళ్ళు మూసుకుంది. "అయితే అది సింతపండేలే" అంది.